బొమ్మలగుట్ట: చెరువు, పద్యం, బండ

కరీంనగర్ నుంచి జగిత్యాల వెళ్లే దారిలో, గంగాధర మండలం కురిక్యాల ఊరి పక్కన ఒక గుట్ట ఉంది. పెద్ద ఎత్తేమీ కాదు. తెలంగాణలో ఏ ఊరి పొలిమేరకు వెళ్లినా ఇలాంటిది ఒకటి కనిపిస్తుంది. బండమీద చెక్కిన మూర్తులను చూసి చుట్టుపక్కల జనం దీన్ని బొమ్మలగుట్ట అన్నారు. వెయ్యేళ్ల కిందట దీని పేరు వృషభాద్రి. జనం మరిచిన ఆ పేరును బండ దాచిపెట్టింది.

పదో శతాబ్దిలో ఈ నేల సబ్బినాడు. రాష్ట్రకూటుల సామంతులైన చాళుక్యులు వేములవాడ రాజధానిగా దీన్ని ఏలేవారు. రెండో అరికేసరి కొలువులో ఉన్న పంపడు 941లో ‘విక్రమార్జున విజయం’ రాసి కన్నడానికి ఆదికవి అయ్యాడు. రాజు మెచ్చి ధర్మవురమనే అగ్రహారం ఇచ్చాడు. పంపని పూర్వికుల ఊరు మాత్రం వేంగి దేశంలో, కమ్మనాటిలోని వంగిపర్రు. ఇప్పటి గుంటూరు సీమ. ఆయన తమ్ముడు జినవల్లభుడు.

అన్న కావ్యం రాశాడు, తమ్ముడు గుట్టనెక్కాడు. 945 ప్రాంతంలో గరుడునిపై కూర్చున్న ఎనిమిది చేతుల జైన దేవత చక్రేశ్వరిని, తీర్థంకరులను బండపై చెక్కించి, శాసనం వేయించాడు. అందులో సంస్కృతం ఉంది, కన్నడం ఉంది, తెలుగూ ఉంది. ఆ తెలుగులోనే మూడు కంద పద్యాలున్నాయి.

కందం రాసినవాడే కవి అంటారు మనవాళ్లు. నాలుగు మాత్రల గణాలతోనే నడవాలి, ప్రాస తప్పకూడదు, జగణం ఎక్కడ పడాలో, ఎక్కడ పడకూడదో చూసుకోవాలి. అంత కట్టుబాటున్న పద్యం నన్నయకు నూరేళ్ల ముందే ఈ గుట్టమీద తడబాటు లేకుండా నడిచింది. అద్దంకి శాసనంలో అంతకన్నా ముందు, 848 నాటి తరువోజ పద్యం ఉంది. కందాల్లో మాత్రం మనకు దొరికిన తొలి పద్యాలు ఇవే. అప్పటికే ఈ ఊళ్లలో పద్యం చదివేవాళ్లు, విని తలూపేవాళ్లు లేకపోతే జినవల్లభుడు తెలుగును రాతికెక్కించేవాడా?

నన్ను ఎక్కువగా కదిలించేది ఆ శాసనంలోని మరో సంగతి. ఆయన త్రిభువనతిలకమనే బసది కట్టించాడు, మదనవిలాసమనే తోట వేయించాడు, కవితాగుణార్ణవమనే చెరువు తవ్వించాడు. కవితాగుణార్ణవుడన్నది పంపని బిరుదు. అన్న కవిత్వం పేరును తమ్ముడు ఊరి నీళ్లకు పెట్టాడు!

గుట్ట చుట్టూ చరిత్ర అక్కడితో ఆగలేదు. సోమదేవసూరి 959లో ‘యశస్తిలక చంపువు’ను గంగాధరలో ముగించాడు. ఆ ఊరు ఈ గంగాధరేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. తరువాత సబ్బినాడు కాకతీయుల చేతికి వచ్చింది. వాళ్ల కాలపు గుడులు నగునూరులో నేటికీ కనిపిస్తాయి. నిజాంల పాలనలో ఎలగందుల జిల్లా కేంద్రమై, 1905లో ఆ హోదా కరీంనగర్‌కు మారింది. ఇన్ని కొలువులు మారినా పక్కనున్న రామడుగు శిల్పుల ఉలి చప్పుడు మాత్రం ఆగలేదు.

ఆ రాయే ఈ కాలంలో గుట్టలకు గండమైంది. కరీంనగర్ గ్రానైటు విదేశాలకు ఎగుమతి అవుతుంటే, క్వారీల కింద ఎన్నో గుట్టలు కరిగిపోయాయి. బొమ్మలగుట్టకూ ఆ ముప్పు వచ్చింది. ఊరివాళ్లు, భాషాభిమానులు అడ్డుపడబట్టి అది నిలిచింది. 2008 అక్టోబరు 31న తెలుగుకు ప్రాచీన భాష హోదా దక్కింది. అందుకోసం మనవాళ్లు చూపిన ఆధారాల్లో ఈ బండరాత కూడా ఉంది. తమను కాపాడినవాళ్ల రుణాన్ని ఆ అక్షరాలు అలా తీర్చుకున్నాయి.

నీళ్ల కథ కూడా ఇక్కడ మళ్లీ మొదలైంది. పక్కనే రామడుగు మండలం లక్ష్మీపూర్‌లో భూగర్భంలో కట్టిన గాయత్రి పంపుహౌస్ 2019 నుంచి గోదావరి నీళ్లను పైకెత్తుతోంది. జినవల్లభుడు ఒకే శాసనంలో చెరువునూ పద్యాన్నీ పక్కపక్కన పెట్టాడు. మనం నీళ్లకు లెక్క రాసుకున్నాం, రాయికి ధర కట్టుకున్నాం, పద్యాన్ని మాత్రం గుట్టమీద ఒంటరిగా వదిలేశాం.

కురిక్యాల బడిపిల్లలు ఏడాదికొకసారి ఆ గుట్టెక్కి, ఆ మూడు కందాలనూ గొంతెత్తి చదవాలి. ఏ ఊళ్లోనైనా గుట్టను తూకం వేయబోయేవాళ్లు ముందు దాన్ని చదవాలి. చదవకుండా పగలగొట్టిన బండల్లో ఇంకెందరు జినవల్లభులు పోయారో!