హైదరాబాద్ స్టేట్ బ్యాంకు: మన పాత బ్యాంకు చరిత్ర, కట్టడం

బీదర్‌లో తరతరాలుగా ఉంటున్న తెలుగు ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ స్టేట్ బ్యాంకును 'ఎస్‌బీహెచ్' అనే అంటారు. ఆ బోర్డు 2017లో దిగిపోయింది. దాని వివరాలు మన పిల్లలకు తెలియాలని ఇక్కడ ఇస్తున్నాం.

పుట్టుక

నిజాం ప్రభుత్వం 1941లో చేసిన చట్టంతో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు ఏర్పడింది. 1942 ఏప్రిల్ 5న హైదరాబాద్‌లోని గన్‌ఫౌండ్రీలో పని మొదలుపెట్టింది. ఫ్రెంచి సేనాని రేమండ్ అక్కడ పెట్టిన ఫిరంగుల కార్ఖానా వల్ల ఆ ప్రాంతానికి ఆ పేరు వచ్చింది.

అప్పట్లో సంస్థానానికి సొంత రూపాయి ఉండేది. దాన్ని హాలీ సిక్కా అనేవారు, బ్రిటిష్ రూపాయిని కల్దార్ అనేవారు. సుమారు ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. మామూలు బ్యాంకు పనులతో పాటు హాలీ సిక్కా, ప్రభుత్వ అప్పుల వ్యవహారం కూడా ఈ బ్యాంకే చూసేది. 1953 నుంచి రిజర్వు బ్యాంకు ఏజెంటుగా సర్కారీ ఖజానా పని చేపట్టింది. 1956 అక్టోబర్ 22న రిజర్వు బ్యాంకు చేతికి వచ్చి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. 1959 అక్టోబర్ 1న భారతీయ స్టేట్ బ్యాంకుకు అనుబంధంగా మారింది.

జిల్లా మూడు ముక్కలు, బ్యాంకు ఒక్కటే

పేరు మారిన పది రోజులకే, నవంబర్ 1న, రాష్ట్రాల పునర్విభజన జరిగింది. బీదర్ జిల్లాలోని జహీరాబాద్, నారాయణఖేడ్ ప్రాంతాలు ఆంధ్రప్రదేశ్‌కు, ఉద్గీర్, నీలంగా, అహ్మద్‌పూర్ తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి పోయాయి. మిగిలింది మైసూరు రాష్ట్రంలో కలిసింది. కచేరీ, కోర్టు, బడి మూడు రాష్ట్రాల పాలయ్యాయి. అన్నదమ్ముల మధ్య కూడా సరిహద్దు వచ్చింది. బ్యాంకు మాత్రం తెలంగాణకు, మరాఠ్వాడాకు, మన వైపుకు ఒకటిగానే ఉండిపోయింది. విడిపోయిన సంస్థానం అంతటా మరో అరవై ఏళ్లు కనిపించిన పేరు అది.

కట్టడం

బీదర్ ఎర్రటి లాటరైట్ రాతి పీఠభూమి మీద ఉంది. కోట చుట్టూ ఉన్న కందకాన్ని ఆ రాతినే తొలిచి చేశారు. తవ్వినప్పుడు మెత్తగా ఉండే ఈ రాయి గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది. ఇక్కడి పాత ఇళ్లకు అదే గోడ.

అయితే బ్యాంకుకు రాతిగోడ ఒక్కటే చాలదు. దాని గుండెకాయ స్ట్రాంగ్‌రూమ్. గోడలు, నేల, కప్పు అన్నీ ఇనుప చువ్వల కాంక్రీటే. కిటికీ ఉండదు, గాలి కోసం గ్రిల్లు బిగించిన చిన్న వెంటిలేటర్ ఉంటుంది. ఇనుప తలుపుకు రెండు తాళంచెవులు ఇద్దరు ఉద్యోగుల దగ్గర ఉంటాయి కాబట్టి ఒక్కరే తెరవలేరు. కరెన్సీ చెస్ట్ ఉన్న శాఖలో, ఆ చెస్ట్‌లోని నోట్లు రిజర్వు బ్యాంకు సొత్తు.

బయట హాల్లో పొడవాటి కౌంటర్, క్యాషియర్‌కు జాలీ గది, వెనక లెడ్జర్ల బీరువాలు, మన చేతిలో ఇత్తడి టోకెన్. కంప్యూటర్లు వచ్చాక లెడ్జర్లు పోయాయి, టోకెన్లూ పోయాయి. బ్యాంకు ఖాళీ చేసి వెళ్లిన భవనంలో కిటికీ లేని మందపు గోడల గది కనిపిస్తే, అదే పాత బ్యాంకు ఆనవాలు.

విలీనం తర్వాత

2017 ఏప్రిల్ 1న ఎస్‌బీహెచ్ భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. ఖాతాలు అక్కడికే మారాయి. పదేళ్లు లావాదేవీ లేని డిపాజిట్ల సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి వెళుతుంది, అయినా వారసుల హక్కు పోదు. తాతల నాటి పాస్‌బుక్ దొరికితే, మరణ ధ్రువపత్రం, వారసత్వ కాగితాలతో స్టేట్ బ్యాంకు శాఖలో అడగవచ్చు. రిజర్వు బ్యాంకు 2023లో తెచ్చిన 'ఉద్గమ్' పోర్టల్‌లో పేరు పెట్టి ఉచితంగా వెతకవచ్చు కూడా.

కాబట్టి పాత పాస్‌బుక్కులను, డిపాజిట్ రసీదులను చిత్తు కాగితాల్లో వేయకండి. పాత శాఖ నడిచిన భవనం మీ వీధిలో ఉంటే, పడగొట్టకముందే ఒక ఫోటో తీసి, ఏ ఏళ్లలో అక్కడ బ్యాంకు ఉండేదో పెద్దలను అడిగి వెనక రాసి పెట్టండి.