కూతవేటు దూరం: శంషాబాద్ ప్లాట్ల ప్రకటనల చరిత్ర

హైదరాబాద్ అంతర్జాతీయ విమానాశ్రయం చుట్టుపక్కల వేసిన వెంచర్లలో ఇళ్ల స్థలాలు అమ్మడానికి పుట్టిన రాతను శంషాబాద్ ప్లాట్ల ప్రకటన అనవచ్చు. నిండు పేజీ పత్రికా ప్రకటనగా, బెంగళూరు హైవే పక్క హోర్డింగుగా, కూడళ్లలో పంచే కరపత్రంగా, ఇప్పుడు వాట్సాప్ సందేశంగా అది తెలుగు ఇళ్లలోకి వస్తూనే ఉంది. చదివేవాడి మనసెరిగి రాసే విద్య తెలుగులో ఇంత విరివిగా సాగిన చోట్లు తక్కువ. ఈ ప్రకటనలు జనం అత్యాశ మీద బతుకుతాయని సాధారణంగా అంటారు. అది సగం మాటే. ఆశ ఒక్కటే చాలితే ఏ ఊళ్లో ప్లాటునైనా అలాగే అమ్మవచ్చు. శంషాబాద్ ప్రకటనకు అసలు బలం అరువు తెచ్చుకున్న నిజం. కళ్లెదుట కట్టి చూపించిన ఒక్క విమానాశ్రయం, ఇంకా కట్టని ఎన్నిటికో జామీను నిలబడింది.

విమానాశ్రయానికి 2005 మార్చి 16న శంకుస్థాపన జరిగింది. దాదాపు 5,500 ఎకరాల్లో నిర్మించి, 2008 మార్చి 23న విమానాలు నడపడం మొదలుపెట్టారు. అదే ఏడాది నవంబరులో ఔటర్ రింగ్ రోడ్డులో గచ్చిబౌలి–శంషాబాద్ భాగం తెరుచుకుంది. 2009 అక్టోబరులో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. ఈ రోడ్లతో పాటు ప్రకటనల భాషా మారింది. కిలోమీటర్ల స్థానంలో నిమిషాలు వచ్చాయి. కిలోమీటరు పటం మీద స్థిరంగా ఉంటుంది, ఎవరైనా కొలిచి చూడవచ్చు. నిమిషం అలా కాదు. ఎక్కడ బయల్దేరారు, ఏ వేళకు, ఏ బండిలో అన్నవి చెప్పకుండానే ‘ఎయిర్‌పోర్టుకు 20 నిమిషాలు’ అనవచ్చు. ఆ ఖాళీలను చదివేవాడే తనకు నచ్చినట్టు పూరించుకుంటాడు. తాను పూరించుకున్నదాన్ని ఎవరూ తొందరగా అనుమానించరు. వెనకటి తెలుగులో ‘కూతవేటు దూరం’ అంటే కేక వేస్తే వినిపించేంత దూరం. ఆ మాట కూడా ఈ ప్రకటనల్లోకి వచ్చి చేరింది, కేక ఎవరు వేయాలో మాత్రం చెప్పలేదు.

ప్రకటనను మనస్తత్వశాస్త్రంతో ముడిపెట్టడం కొత్త సంగతేమీ కాదు. అమెరికాలో వాల్టర్ డిల్ స్కాట్ 1908లోనే దాని మీద పుస్తకం రాశాడు. ప్రవర్తనావాదానికి ఆద్యుడైన జాన్ వాట్సన్ 1920లో విశ్వవిద్యాలయం వదిలి ప్రకటనల సంస్థలో చేరాడు. శంషాబాద్ కరపత్రాలు రాసినవారు వీళ్లను చదివి ఉండనక్కర్లేదు. సైట్ విజిట్‌కు జనాన్ని బండెక్కించి, ఎవరు ఏ మాటకు తల ఊపారో చూసినవాడికి ఆ పాఠం అక్కడే దొరుకుతుంది. ‘కొన్ని ప్లాట్లే మిగిలాయి’ అన్న వాక్యం ఎందుకు పనిచేస్తుందో 1975లో స్టీఫెన్ వర్చెల్ బృందం బిస్కెట్లతో చూపించింది. పది బిస్కెట్లున్న సీసాలోంచి తీసిన దానికన్నా రెండే ఉన్న సీసాలోంచి తీసిన బిస్కెట్టుకే జనం ఎక్కువ విలువ కట్టారు. పైన కొట్టేసిన గజం ధర, కింద పెద్ద అక్షరాల్లో ఆఫర్ ధర వేయడం వెనక సూత్రం ఇంకా సూటిగా ఇళ్ల వ్యాపారానిదే. 1987లో నార్త్‌క్రాఫ్ట్, నీల్ అనే పరిశోధకులు ఒకే ఇంటిని అమ్మేవారు అడిగే ధరగా వేరువేరు అంకెలతో చూపించి విలువ కట్టమన్నారు. ధర పెంచి చెప్పినచోట విద్యార్థులే కాదు, ఆ వృత్తిలో ఆరితేరిన ఏజెంట్లు కూడా విలువ పెంచి కట్టారు. పైగా ఆ అంకె తమను కదిలించిందని ఎక్కువమంది ఏజెంట్లు ఒప్పుకోలేదు. వీటన్నిటికన్నా హైదరాబాద్‌లో లోతుగా నాటుకునేది పశ్చాత్తాపం. మాదాపూర్‌లో అప్పుడే ఓ రెండొందల గజాలు కొని ఉంటే అన్న మాట ఇక్కడ ఎన్నో ఇళ్లలో వినిపించేదే. వచ్చే లాభంకన్నా పోయే నష్టమే మనసుకు బరువని కానెమన్, ట్వెర్‌స్కీ 1979లో సిద్ధాంతీకరించారు. ‘నిన్న మాదాపూర్, నేడు శంషాబాద్’ తరహా మాట లాభం ఆశ చూపుతున్నట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి గుచ్చేది ఆ పాత నష్టాన్నే.

ఇక అరువు నిజం సంగతి. 2006లో శంషాబాద్‌కు తూర్పున, మహేశ్వరం వైపు ఫ్యాబ్ సిటీ ప్రకటించారు. చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీ రాలేదు. ఆ స్థలం తరవాత సోలార్, ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలకు వెళ్లింది. 2022 డిసెంబరు 9న రాయదుర్గం నుంచి విమానాశ్రయానికి 31 కిలోమీటర్ల మెట్రోకు శంకుస్థాపన చేశారు. ఏడాది తిరగగానే ప్రభుత్వం మారి, ఆ మార్గాన్ని పక్కనపెట్టి వేరే దారి వెతకమంది. కరపత్రం మీది పటంలో మాత్రం వచ్చినవీ రానివీ ఒకే రంగు గీతలతో, ఒకే సైజు బొమ్మలతో ఉంటాయి. రన్‌వే నిజం కాబట్టి దాని పక్కనున్న మెట్రో స్టేషనూ నిజమనిపిస్తుంది. పదే పదే విన్న మాట నిజమనిపిస్తుందని 1977లో హాషర్, గోల్డ్‌స్టీన్, టొపినో ప్రయోగంతో చూపారు. రాని ఫ్యాక్టరీ పేరును ప్రతి వారం పత్రికలో చూస్తే అది ఊరి ఆనవాలుగా మారిపోతుంది.

ధరలు నిజంగానే పెరిగాయి కదా, ప్రకటన నిజమైనట్టే కదా అనేది దీనికి బలమైన అభ్యంతరం. రెండు దశాబ్దాల లెక్కలో ఆ ప్రాంతంలో భూమి విలువ పెరిగిన మాట కాదనలేం. అయితే ప్రకటన అమ్మేది ప్రాంతాన్ని కాదు, ఒక సర్వే నంబరులోని రెండొందల గజాలను. జంట జలాశయాలను కాపాడేందుకు 1996 మార్చి 8న ఇచ్చిన 111వ జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టింది. వాటిలో శంషాబాద్ మండలానివీ ఉన్నాయి. విమానాశ్రయానికి సమాన దూరంలో ఉన్న రెండు పొలాల్లో ఒకటి జీవో లోపల, ఒకటి వెలుపల ఉంటే, ఆ ఆంక్షలు అమల్లో ఉన్నన్నాళ్లూ వాటి భవిష్యత్తు ఒకటి కాదు. నిమిషాల లెక్కలో మాత్రం రెండూ ఒకటే. కాలం సంగతీ చూడాలి. 2008 మాంద్యం, 2009 జనవరిలో బయటపడ్డ సత్యం కుంభకోణం తరవాత నగరంలో రియల్ ఎస్టేట్ కొన్నేళ్లు చతికిలబడింది. అప్పు తెచ్చి కొన్నవాడికి ఇరవై ఏళ్ల సగటు వడ్డీ కట్టిపెట్టదు. మనస్తత్వ ప్రయోగాలు తిరిగి చేస్తే నిలవడం లేదు కదా అన్నది ఇంకో అభ్యంతరం. కొన్ని నిలవని మాట నిజమే. కానీ 2014లో అనేక ప్రయోగశాలలు కలిసి చేసిన పునఃపరీక్షలో, ముందు చెప్పిన అంకె తీర్పును లాగుతుందన్న ఫలితం గట్టిగానే నిలబడింది.

చట్టం ఆలస్యంగా వచ్చింది. రియల్ ఎస్టేట్‌ను నియంత్రించే 2016 నాటి రెరా చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ అవసరమైన ప్రాజెక్టు నంబరు తీసుకోకుండా ప్రకటన వేయకూడదు, వేసిన ప్రకటనలో ఆ నంబరూ రెరా వెబ్‌సైటు చిరునామా ఉండాలి. ప్రకటనలోని తప్పుడు మాటను నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారికి 12వ సెక్షన్ కింద పరిహారం అడిగే హక్కుంది. ‘ఎయిర్‌పోర్టుకు 20 నిమిషాలు’ అన్న మాటను ఎక్కణ్నుంచి, ఏ వేళకు కొలవాలో ఆ చట్టంలో లేదు.