గ్రూపును బట్టి గుణమా?

అవనిగడ్డ అనగానే టీచరు ఉద్యోగం కోసం చదివేవాళ్లకు డీఎస్సీ కోచింగ్ గుర్తొస్తుంది. అక్కడ మూర్తిమత్వం పాఠంలో హిప్పోక్రటీస్ తప్పడు: రక్తం, కఫం, రెండు రకాల పైత్యం, వీటిలో ఏది హెచ్చితే మనిషిది ఆ స్వభావం. ఈ సిద్ధాంతానికి సిలబస్‌కెక్కని తమ్ముడొకడున్నాడు. 'మీది ఓ పాజిటివా? నాయకత్వం మీ సొంతం' అంటూ ఫోన్లలో తిరిగేది వాడే. వాణ్ణి పుట్టించిందీ ఒక పంతులే.

1901లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ రక్తపు గ్రూపులను కనిపెట్టాడు. ఒకరి సీరంలో మరొకరి రక్తకణాలు ఎందుకు ముద్దకడుతున్నాయన్నదే ఆయన ప్రశ్న. గుణగణాల ఊసే లేదు. 1919లో హిర్ష్‌ఫెల్డ్ దంపతులు యుద్ధరంగంలోని సైనికుల రక్తం పరీక్షించి, యూరపు వాళ్లలో ఎ, భారతీయుల్లో బి ఎక్కువని లెక్కతేల్చారు. జాతుల హెచ్చుతగ్గులు వెతికేవాళ్లకు అంతకంటే ఏం కావాలి!

1927లో, గ్రూపును బట్టే గుణమంటూ తకేజి ఫురుకవా రంగంలోకి దిగాడు. టోక్యోలో మహిళా ఉపాధ్యాయులను తయారుచేసే విద్యాసంస్థలో ఆచార్యుడు. పరీక్షించింది కొద్దిమందినే, తేల్చింది మాత్రం ప్రపంచానికంతా. 1930లో తైవాన్ ఆదివాసులు జపాన్ పాలనపై తిరగబడితే, తైవాన్‌లో 'ఓ' గ్రూపు ఎక్కువ కావడమే ఆ మొండితనానికి మూలమన్నాడు. జపానీయులతో వియ్యం పెంచితే సరిపోతుందని సలహా కూడా ఇచ్చాడు! పాలకుల దౌర్జన్యం ఆయన లెక్కలోకి రాలేదు. ఇతరుల పరీక్షల్లో నిలవక ఆ సిద్ధాంతం మూలపడింది.

దాన్ని మళ్లీ లేపింది మసహికో నోమి 1971లో రాసిన పుస్తకం. ఆయన డాక్టరు కాదు, రచయిత. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. మనం నక్షత్రాలు కలిపినట్టు జపానీయులు గ్రూపులు కలపడం మొదలెట్టారు. 2011 సునామీ తర్వాత పునర్నిర్మాణ మంత్రి ర్యూ మత్సుమొతో గవర్నర్లతో దురుసుగా మాట్లాడి, తనది బి గ్రూపు కాబట్టి దూకుడెక్కువని చెప్పుకుని, చివరికి రాజీనామా చేశాడు. 1977 ఉప్పెన చూసిన దివిసీమలో ఏ నాయకుడైనా ఆ సాకు చెప్పి ఉంటే జనం ఊరుకునేవారా?

2014లో కెంగో నవాటా అనే పరిశోధకుడు జపాన్, అమెరికాల్లో పదివేల మందికి పైగా ఇచ్చిన జవాబులు పరిశీలించాడు. 68 ప్రశ్నల్లో 65 చోట్ల గ్రూపుల మధ్య చెప్పుకోదగ్గ తేడాయే లేదు. మిగిలిన మూడింటిలోనూ నామమాత్రమే.

సంబంధాలు చూసేటప్పుడు గ్రూపు అడగండి, తప్పులేదు. భార్య ఆర్‌హెచ్ నెగటివ్ అయితే ఆ సంగతి కాన్పు డాక్టరుకు ముందే తెలియాలి. అబ్బాయి కోపిష్టి అవునా కాదా అన్నది మాత్రం ఇరుగుపొరుగును అడగండి.