మీగో: నోకియా, ఇంటెల్ కలిపిన ఓఎస్.. ఏడాదికే బ్రేక్!

నోకియా దగ్గర మేమో, ఇంటెల్ దగ్గర మోబ్లిన్. రెండూ లైనక్స్ ఆధారంగా నడిచే ఓపెన్ సోర్స్ ఓఎస్‌లే. ఆండ్రాయిడ్, ఐఫోన్‌లు దూసుకెళ్తున్న వేళ, 2010 ఫిబ్రవరిలో రెండింటినీ కలిపేసి ‘మీగో’ అని పేరు పెట్టారు. బాధ్యత లైనక్స్ ఫౌండేషన్‌కు ఇచ్చారు. పేర్లు కలిపినంత ఈజీగా కోడ్ కలవదు కదా! మేమోలో డెబ్ ప్యాకేజీలు, మోబ్లిన్‌లో ఆర్‌పీఎం. చివరికి ఆర్‌పీఎంకే ఓటేశారు. అంటే మేమో డెవలపర్లు తమ యాప్‌లను మళ్లీ ప్యాక్ చేసుకోవాల్సిందే.

సరిగ్గా ఏడాదికి, 2011 ఫిబ్రవరిలో నోకియా విండోస్ ఫోన్ వైపు వెళ్లిపోయింది. అదే ఏడాది మీగో పేరుతో వచ్చిన ఎన్9 ఫోన్ లోపల ఉన్నది చాలావరకు మేమోనే.. డెబ్ ప్యాకేజీలతో సహా! ఇంటెల్ శాంసంగ్‌తో కలిసి టైజెన్ బాట పట్టింది. నోకియా నుంచి బయటికొచ్చిన ఇంజనీర్లు కొందరు యోల్లా కంపెనీ పెట్టి, మీగో వారసత్వంతోనే సెయిల్‌ఫిష్ ఓఎస్ తెచ్చారు.