చక్కెర కొలత చాలనప్పుడు

మధుమేహులలో కృశించినవారు వేరు, స్థూలకాయులు వేరు అని సుశ్రుతసంహిత ఏనాడో చెప్పింది. అది కంటిచూపుతో చేసిన విభజన. రక్తంలో చక్కెరను కొలిస్తే ఇద్దరికీ అధికమే.

1936లో లండను వైద్యుడు హెరాల్డ్ హిమ్స్‌వర్త్ రోగులకు గ్లూకోజు త్రాగించి, దానితోపాటే నరంలోకి ఇన్సులిన్ ఎక్కించి చూచినాడు. కొందరిలో చక్కెర అణగింది. కొందరిలో ఇన్సులినుకు లొంగక పెరిగింది. సరే, రోగి రక్తంలో ఉన్న ఇన్సులిన్ ఎంత? దానిని తూచే త్రాసు అప్పటికి లేదు.

ఆ త్రాసును న్యూయార్కులో రోసలిన్ యాలో, సోలొమన్ బెర్సన్ నిర్మించినారు. సూదిమందు వాడిన రోగుల రక్తంలో ఇన్సులినును పట్టి ఉంచే ప్రతిరక్షకాలు ఉన్నవని వారు కనుగొన్నారు. పండితులు నమ్మలేదు, శీర్షికలో ఆ పదాన్ని మార్చిన మీదటనే 1956లో వ్యాసం అచ్చయింది. ఆ ప్రతిరక్షకమే తూనికకు ఆధారమైంది. దానికోసం రేడియోధార్మికత గల ఇన్సులిన్, రక్తంలోని ఇన్సులిన్ పోటీపడతాయి. రెండవది ఎక్కువైతే మొదటిది తక్కువగా పట్టుబడుతుంది. 1960లో ఇలా కొలిచి చూస్తే, పెద్దవయసులో వ్యాధి సోకిన పెక్కుమందిలో ఇన్సులిన్ కొరత మాట అటుంచి, సమృద్ధిగానే ఉన్నది!

ఇది పండితుల వినోదం కాదు. ఇన్సులిన్ బొత్తిగా ఊరని వానికి మాత్రలతో సరిపెడితే ప్రాణానికే ముప్పు. సన్నని నడివయస్కుని విషయంలో వైద్యుడు నేటికీ తడబడవచ్చు. అందుకే ప్రయోగశాలలో క్లోమకణాలపై శరీరమే పుట్టించిన ప్రతిరక్షకాలను వెదకుతారు. సి-పెప్టైడును కూడా కొలుస్తారు. శరీరంలో ఇన్సులిన్ తయారైనప్పుడు దానితోపాటు విడివడే తునక అది. సూదిమందులో అది ఉండదు గనుక, సూది వేసుకునేవారిలో సైతం సొంత ఇన్సులిన్ ఎంత ఊరుతున్నదో తెలుస్తుంది.