శవం లేని హత్య కేసు

తెలుగు అపరాధ పరిశోధన కథ ఎక్కడ మొదలైందంటే చాలామంది మద్రాసు పేరు చెబుతారు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ ఊరు అదే కదా. నేను మాత్రం విజయనగరం పేరు చెబుతాను. నేరం ఎవరి మీద జరిగిందన్న ప్రశ్నతో వెతికితే దారి అక్కడికే పోతుంది.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో విజయనగరం మహారాజు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో పిల్ల తండ్రికి సొమ్మిచ్చి చేసుకున్న శుల్క వివాహాల జాబితా తయారు చేయించారు. విజయనగరం జిల్లా 1979లో గానీ ఏర్పడలేదు కాబట్టి విజయనగరం చుట్టుపక్కల పల్లెలన్నీ అప్పుడు విశాఖపట్నం జిల్లాలోవే. మూడేళ్ల లెక్కలో 1,034 పెళ్లిళ్లు తేలాయి. అయిదేళ్లకే పెళ్లయిన పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది నిండిన పసికందులు ముగ్గురు. వాళ్ల ధర 350 నుంచి 400 రూపాయలు. గురజాడ అప్పారావు ఈ అంకెలను 'కన్యాశుల్కం' నాటకం 1897 ముద్రణ పీఠికలో పెట్టారు. నా దృష్టిలో తెలుగునాట అచ్చయిన గొప్ప దర్యాప్తు నివేదిక ఇదే. అందరి కళ్లముందూ, మేళతాళాలతో జరిగిన నేరం అది. నేరమని తెలియాలంటే ఎవరో ఒకరు కూర్చుని లెక్క కట్టాల్సి వచ్చింది.

నాటకంలోనూ హత్య కేసు ఉంది. లుబ్ధావధాన్లు కట్టుకున్న చిన్నారి పెళ్లికూతురు మాయమవుతుంది. ముసలాయనే చంపేశాడని కేసు పెడతారు. శవం లేదు, అసలు ఆ పెళ్లికూతురే లేదు. ఆడవేషం కట్టిన కుర్రాడు మహేశం వేషం విప్పేసి వెళ్లిపోయాడు. పోలీసులకు పట్టని ఈ గుట్టును విప్పింది మధురవాణి. మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్లి సంగతి బయటపెట్టింది. సంఘం చిన్నచూపు చూసే వేశ్యే ఇక్కడ డిటెక్టివ్. ఆ పని ఆమెకు అప్పగించడంలోనే గురజాడ ధైర్యం నాకు కనిపిస్తుంది.

తర్వాత వచ్చిన కథ ఇంకో తోవ పట్టింది. బెంగాలీ అనువాదాలు వచ్చాయి, ఇంగ్లీషు నవలల ప్రభావం వచ్చింది. యాభయ్యో దశకం నుంచి కొమ్మూరి యుగంధర్, అసిస్టెంట్ రాజు ఇంటింటికీ తెలిసినవాళ్లయ్యారు. ఆ నవలలు వేలమందికి చదివే అలవాటు నేర్పాయి, అది చిన్న మేలు కాదు. కానీ బంగళాలు, వీలునామాలు, నగలు ముందుకొచ్చేసరికి పేదవాళ్లు నౌకర్లుగా, అనుమానితులుగా మిగిలారు. 1986లో మల్లాది వెంకట కృష్ణమూర్తి నవలను జంధ్యాల 'చంటబ్బాయ్'గా తీస్తే డిటెక్టివ్ హాస్యనాయకుడయ్యాడు.

2019లో స్వరూప్ తీసిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' మళ్లీ దిక్కులేనివాళ్ల వైపు చూసింది. రైలు పట్టాల పక్కన దొరికే అనాథ శవాల వెంట పడతాడు నెల్లూరు కుర్రాడు. 2024 డిసెంబరులో 'శ్రీకాకుళం షెర్లాక్‌హోమ్స్' వచ్చింది. రాజీవ్ గాంధీ హత్య జరిగిన 1991 నాటి కథ అది. దేశమంతా ఒక పెద్ద హత్య గురించే మాట్లాడుకుంటుంటే, ఉత్తరాంధ్ర సముద్రపు ఒడ్డున చనిపోయిన ఒక అమ్మాయి కేసు పట్టుకుంటాడు మన డిటెక్టివ్. ఆ ఎంపిక నాకు నచ్చింది.

సినిమాలో హంతకుడు చివరి రీలుకి దొరుకుతాడు. ఉత్తరాంధ్ర మన్యం కొండల్లో అలా జరగలేదు. 2007 ఆగస్టులో జి.మాడుగుల మండలం వాకపల్లిలో పదకొండు మంది ఆదివాసీ స్త్రీలు నక్సల్ వ్యతిరేక దళమైన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని ఫిర్యాదు చేశారు. తీర్పు 2023 ఏప్రిల్‌లో వచ్చింది. విశాఖ కోర్టు నిందితులందరినీ విడుదల చేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని తప్పుపట్టింది, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వాలని చెప్పింది. ఫిర్యాదుకూ తీర్పుకూ మధ్య పదిహేనేళ్లకు పైగా గడిచింది. తీర్పు వినకుండానే కన్నుమూసినవాళ్లూ వాళ్లలో ఉన్నారు.