కలివి కోడి చెప్పే చరిత్ర: నమ్మకం, అనుమానం, మన అడవి జ్ఞానం

2024 సెప్టెంబరులో రాజమహేంద్రవరం పక్కన దివాన్‌చెరువు అటవీ ప్రాంతంలో చిరుత తిరుగుతోందన్న కబురు గోదావరి జిల్లాలంతా పాకింది. కొన్నాళ్లకు అది కడియపులంక నర్సరీల వైపు వచ్చిందన్నారు. అక్కడి నుంచి జాతీయ రహదారి పట్టుకుని గౌతమి వంతెన దాటితే మన రావులపాలెమే. ఇలాంటి కబురు వచ్చిన ప్రతిసారీ ఊరు రెండుగా చీలుతుంది. కొందరు విన్నది విన్నట్టు నమ్మేస్తారు. కొందరు ఏ కుక్కనో చూసి జడుసుకున్నారని నవ్వేస్తారు. అటవీ శాఖ మాత్రం ట్రాప్ కెమెరాలు పెట్టింది, పాదముద్రలు వెతికింది. చిరుత నిజమేనని అలా తేలింది.

యువ మిత్రులారా, ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఆ మూడో పద్ధతి గురించే. ఎవరూ చూడని జీవి గురించి ఎవరైనా చెబితే గుడ్డిగా నమ్మాలా, కొట్టిపారేయాలా? ఈ ప్రశ్న మన గిరిజనులకు మిగతావారికంటే ఎక్కువ ముఖ్యం. అడవిలో, ఏటి గట్టున, చిత్తడి నేలల్లో ముందు చూసేది మనవాళ్లే. చూశామని చెప్పినప్పుడు ముందు అనుమానించేదీ మనవాళ్లనే.

ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. 1871లో బ్రిటిషు ప్రభుత్వం నేర తెగల చట్టం తెచ్చింది. తరువాతి కాలంలో మద్రాసు రాజ్యంలో మన ఎరుకల సోదరులు కూడా దాని కిందికి వచ్చారు. పుట్టుకతోనే మనిషికి నేరస్థుడని ముద్ర వేసిన చట్టం అది. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో గాని రద్దు కాలేదు. అలాంటి ముద్ర పడిన మనిషి సాక్ష్యం కచేరీలోనే చెల్లదు. ఇక అడవిలో ఒక పక్షి ఉందంటే ఎవరు వింటారు? మన పెద్దల మాటలు చాలావరకు మూఢనమ్మకాల ఖాతాలోనే పడిపోయాయి.

పేరు మిగిలింది, పక్షి పోయిందన్నారు

ఒకప్పుడు ఇలా పోయిందనుకున్న పక్షి ఒకటి మన రాష్ట్రంలోనే ఉంది. దాని పేరు కలివి కోడి. సుమారు 27 సెంటీమీటర్ల పొడవుంటుంది. ఛాతీ మీద రెండు పట్టీలు ఉంటాయి. పగలు పొదల్లో దాక్కుని రాత్రి తిరుగుతుంది. కలివి పొదలున్న చోట కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. మద్రాసు సైన్యంలో వైద్యుడైన థామస్ జెర్డాన్ దీన్ని సేకరించాడు. 1848లో ఇది శాస్త్ర గ్రంథాలకెక్కింది. ఇంగ్లీషువారు దానికి జెర్డాన్ పేరే పెట్టారు. జెర్డాన్ మాత్రం ఇక్కడివాళ్లు పిలిచే తెలుగు పేరును కూడా తన పుస్తకంలో రాసుకున్నాడు. దొర చూడకముందే ఆ పక్షికి మన భాషలో పేరుందన్నమాట.

19వ శతాబ్దంలో పెన్నా లోయలోనే కాదు, మన గోదావరి లోయలో సిరోంచ, భద్రాచలం ప్రాంతాల్లో కూడా ఈ పక్షి కనిపించినట్టు రికార్డులున్నాయి. 1900లో అనంతపురం దగ్గర చూసినదే చివరిది. ఆ తరువాత దశాబ్దాలు గడిచినా జాడ లేదు. వెతికినవారికి దొరకలేదు. అంతరించిపోయిందనే చాలామంది నిర్ణయానికి వచ్చారు.

1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ మళ్లీ వెతుకులాట మొదలుపెట్టింది. ఈసారి చేసిన తెలివైన పని ఏమిటంటే, పక్షి బొమ్మ పట్టుకుని పల్లెల్లో జనాన్ని అడగడం. కడప జిల్లాలో ఒక స్థానిక వేటగాడు ఆ పక్షి తనకు తెలుసన్నాడు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర పొదల్లో, రాత్రిపూట లైటు వెలుగులో దాన్ని పట్టి చూపించాడు. 86 ఏళ్లు లేదనుకున్న పక్షి కళ్ల ముందుకొచ్చింది. దురదృష్టం, పట్టిన పక్షి కొద్ది రోజులకే చనిపోయింది. అయినా దాని వల్ల మిగతావాటికి రక్షణ దొరికింది. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఆ పొదల నేల కోసం తెలుగుగంగ కాలువ దారిని కూడా మార్చవలసి వచ్చింది.

ఇక్కడ మనం గమనించవలసిన సంగతి ఒకటుంది. వేటగాడి మాటను శాస్త్రవేత్తలు ఊరికే నమ్మి పుస్తకంలో రాసుకోలేదు. అలాగని నవ్వి వదిలేయనూ లేదు. ఎక్కడ, ఎప్పుడు, ఎలా ఉంటుందని అడిగారు. రాత్రి ఆయన వెంట నడిచారు. తరువాతి పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టిని చదును చేసి, మర్నాడు దాని మీద పడిన అడుగులు చదివారు. అడుగుజాడ చదవడం మన తాతలకు తెలిసిన విద్యే. 2009 తరువాత మళ్లీ చాలా ఏళ్లు ఈ పక్షి జాడ లేకపోయింది. 2025 ఆగస్టులో దాని కూత రికార్డు చేశామని పక్షి పరిశీలకులు ప్రకటించారు. వెతుకులాట ఇంకా సాగుతూనే ఉంది.

ఇలాంటిది మన దగ్గరే జరగలేదు. ఆఫ్రికాలో కాంగో అడవుల్లో ఎంబుటి తెగవారు గాడిదలాంటి ఒక జంతువును గోతులు తవ్వి పడతామని యాత్రికుడు స్టాన్లీకి చెప్పారు. 1890లో ఆయన తన పుస్తకంలో ఆ ముక్క రాశాడు. హ్యారీ జాన్‌స్టన్ అనే అధికారి ఆ మాట పట్టుకుని వెతికి చర్మం, పుర్రెలు సంపాదించాడు. 1901లో అది ఒకాపి అని, జిరాఫీకి చుట్టమని లోకానికి తెలిసింది. ఎంబుటి వారికి మాత్రం అది ఎప్పటినుంచో తెలిసిన జంతువే.

అయితే అన్నీ కలివి కోళ్లు కావు

ఈ రెండు కథలు విని, పెద్దలు చెప్పిందల్లా నిజమే, ఫోన్లో వచ్చిందల్లా నిజమే అనుకుంటే పొరపాటు. స్కాట్లాండులో లాక్‌నెస్ సరస్సులో రాకాసి జీవి ఉందని 1934లో ఒక ఫొటో పత్రికలో పడింది. లోకమంతా నమ్మింది. అది బొమ్మ జలాంతర్గామికి తల తగిలించి తీసిన ఫొటో అని 1994లో బయటపడింది. హిమాలయాల్లో యతి ఆనవాళ్లని దాచుకున్న ఎముక, చర్మం, వెంట్రుకల నమూనాలు తొమ్మిదింటిని శాస్త్రవేత్తలు పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. ఎనిమిది ఎలుగుబంట్లవి, ఒకటి కుక్కది. అదే సంవత్సరం విశాఖపట్నంలో దొరికిన వింత జీవులంటూ ఒక వీడియో దేశమంతా తిరిగింది. అవి ఈకలు సరిగా రాని గుడ్లగూబ పిల్లలు.

గండభేరుండం, యాళి వంటివి వేరే సంగతి. అవి కథలోవి, గుడి స్తంభం మీదవి. వాటిని అడవిలో వెతకనక్కరలేదు, లేవని చిన్నచూపు చూడనూ అక్కరలేదు. శిల్పిని గౌరవించి, కథను కథగా చెప్పుకుందాం.

అసలు ప్రమాదం రెండు తలల పాము దగ్గర ఉంది. అది నిజంగా రెండు తలల పాము కాదు. మట్టిలో దూరి ఎలుకలను తిని బతికే పాము, విషం లేదు. తోక మొద్దుగా ఉండడం వల్ల రెండో తలలా కనిపిస్తుంది. శత్రువు తోకను తల అనుకుంటే అసలు తలకు దెబ్బ తగలదు. అంతే దాని రహస్యం. కానీ ఇంట్లో ఉంచుకుంటే సిరి వస్తుందని, కోట్లు పలుకుతుందని దళారులు ప్రచారం చేస్తారు. నాగమణి, అలుగు పెంకులు, గుడ్లగూబల పేరుతో జరిగేదీ ఇదే. పామును పట్టి తెమ్మని అడిగేది ఎవరిని? పొలాలు, పుట్టలు తెలిసిన మన కుర్రాళ్లను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు పడితే జైలుకు వెళ్లేదీ వాళ్లే. దళారి ఫోను ఆపేసి మాయమవుతాడు. పాత ముద్ర మళ్లీ మన నెత్తిన పడుతుంది.

కలివి కోడికీ కోట్ల పాముకూ తేడా ఎలా తెలుసుకోవాలి? మేము ఒక కొలత చెబుతాం. నిజంగా తెలిసిన జీవి గురించి చెప్పేవారు దాని పేరు, చోటు, వేళ, తిండి, కూత చెబుతారు. మోసం చేసేవారు ముందు దాని ధర చెబుతారు.

తెలిసిన విద్యకు దక్కిన గౌరవం

తమిళనాడులో ఇరుల సోదరులు ఒకప్పుడు తోళ్ల కోసం పాములు పట్టేవారు. 1972 చట్టంతో ఆ బతుకుతెరువు పోయింది. 1978లో వాళ్లు సహకార సంఘం పెట్టుకుని, పాముల నుంచి విషం తీసి, మళ్లీ అడవిలో వదిలే పని మొదలుపెట్టారు. పాముకాటు మందు తయారీకి ఆ విషమే ఆధారం. ఆ తెగకు చెందిన మాసి సదయన్, వడివేల్ గోపాల్ 2017లో అమెరికాలోని ఫ్లోరిడా వెళ్లి అక్కడివారికి కొండచిలువలు పట్టి చూపించారు. 2023లో వారిద్దరికీ పద్మశ్రీ వచ్చింది. జాడ చదవగల కళ్లే వాళ్లను అంతదూరం తీసుకెళ్లాయి.

మనకూ అలాంటి కళ్లున్న పెద్దలున్నారు. ఎగువన పాపికొండల్లో కొండరెడ్లు, కోయలు ఉన్నారు. దిగువన డెల్టా కాలువల వెంట యానాదులు, ఎరుకలు ఉన్నారు. కోరింగ మడ అడవుల్లో నీళ్లలో దిగి చేపలు పట్టే బావురు పిల్లి ఉందంటే, చూడనివారు పిల్లి ఈదడమేమిటని నవ్వుతారు. కెమెరాలు పెట్టి చూస్తే అది ఉందని తేలింది.

కాబట్టి ఈ సెలవుల్లో ఒక పని చేయండి. మీ తాతయ్య దగ్గరో, అమ్మమ్మ దగ్గరో కూర్చుని, వాళ్లకు తెలిసిన జంతువులు, పక్షులు, చేపల పేర్లు మన భాషలో ఎలా పలుకుతారో అలాగే రాసుకోండి. ప్రతి పేరు పక్కన, మీరే చూశారా, ఎవరైనా చెప్పారా అని అడిగి రాయండి. అలా అడగడం పెద్దలను అనుమానించడం కాదు. వాళ్ల మాటను సాక్ష్యంగా నిలబెట్టడం. ఏ ఊరు, ఏ నెల, పగలా రాత్రా, ఇప్పుడు కూడా కనిపిస్తోందా, కనిపించక ఎన్నేళ్లయింది అన్నవి కూడా రాయండి. జీవిని పట్టుకోవద్దు, గూడు కదపవద్దు. ఫోన్లో కూత రికార్డు చేస్తే చాలు. కథగా చెప్పినవి వేరే పేజీలో రాయండి, అవీ మన ఆస్తే.

రాసినవి సంఘానికి అందజేస్తే అన్నీ ఒకచోట చేర్చి భద్రపరుస్తాం. భద్రాచలం దగ్గర ఒకప్పుడు తిరిగిన కలివి కోడికి ఎగువ గూడేల్లో ఏ పేరుండేదో ఏ ముసలవ్వకైనా ఇంకా గుర్తుండవచ్చు. ఆమె ఉండగానే వెళ్లి అడుగుదాం.